కొలిచిన మందు చేనికి తీసుకుపోవడం ఎట్టా? (మూతి నుంచి కూరే 12 బోరు తుపాకి)

మెట్టచేను అడిగింది:

శీర్షికలో మందు అంటే తుపాకి మందు. వేరే మందు అనుకొని వచ్చినోళ్ళు వెనక్కి పోవచ్చు.

పంట కాపలా లైసెన్సు మీద ఉన్న ఒంటి గొట్టం తుపాకి ఇది. మూతి నుంచి కూరేది, టోపీ (సుత్తి దెబ్బకి నిప్పు పుట్టించే చిన్న రేకు మూత) పెట్టి పేల్చేది. గొట్టం లోపల నున్నగా ఉంటుంది, 12 బోరు (గొట్టం లోపలి వెడల్పు కొలత), పొడుగు 32 అంగుళాలు. సీతారామపురం వైపు మెట్టలో వేరుశనగ, సజ్జ. రాత్రిపూట మంచె మీద కాపలా. పందులు చేలో దిగకుండా చప్పుడు చెయ్యడమే దీని పని. పగలు ఎప్పుడన్నా అట్ట మీదికి ఛర్రాతో (సన్న గుళ్ళతో) గురి చూసుకోవడం ఉంటుంది.

ఇప్పుడు మందు డబ్బా మొత్తం మంచె మీదికే పోతా ఉంది. చీకట్లో డబ్బా మూత తీసి, ఆ మూతతోనే కొలిచి గొట్టంలో పోస్తున్నాం. అట్టా కాకుండా ఒక్కో మోతాదు ఇంట్లోనే కొలిచి పెట్టుకోవాలని ఉంది. అడగాల్సినవి ఇవీ:

దేంట్లో పెట్టుకోవాలి? ఎండు వెదురు గొట్టాలు, హోమియో మాత్రల సీసాలు, ఖాళీ ఇంజక్షన్ సీసాలు, కాగితం పొట్లాలు, ఇవన్నీ అందుబాటులో ఉన్నాయి. మోతాదు ఎంత? ఊళ్ళో పెద్దోళ్ళు "తులంలో మూడో వంతు" అంటారు, అది లెక్కకి నిలుస్తుందా? ఉత్త చప్పుడికి ఒక కొలత, ఛర్రాకి ఒక కొలత వేరువేరుగా పెట్టుకోవాలా? కార్తీక మాసం వానల్లో కొలిచి పెట్టిన మందు ఎన్నాళ్ళు ఆగుతుంది?

---

ఇత్తడి కాటా:

ముందు ఒక మాట అన్నా. ఇది తొందరగా కూరుకోవడానికి చేసే ఏర్పాటు అనుకోబాకండి. డబ్బాని గొట్టం మూతికి దూరంగా ఉంచడానికి చేసేది. పేలిన గొట్టం అడుగున మసితో పాటు కాలుతున్న బెండు (మందు మీద కూరే అడ్డు) తునక ఒక్కటి మిగిలినా చాలు. దాని మీద మందు పడితే అంటుకుంటుంది, మంట పోస్తున్న చేతి దాకా ఎగబాకుతుంది. చేతిలో ఒక్క మోతాదే ఉంటే వేళ్ళు కాలతాయి. అరకిలో డబ్బా ఉంటే చెయ్యే ఉండదు. అందుకనే మందు నిలవుంచే కొమ్ము నుంచి గానీ డబ్బా నుంచి గానీ నేరుగా గొట్టంలో ఎప్పుడూ పోయరు. ఎంఎల్ఎఐసి (మూతి నుంచి కూరే తుపాకుల అంతర్జాతీయ సంఘం) వాళ్ళ పోటీల్లోనూ ఇదే పద్ధతి: 30 నిమిషాల్లో 13 గుళ్ళు పేల్చాలి, అందులో మంచివి 10 లెక్కకి తీసుకుంటారు, 13 మోతాదులూ విడివిడి గొట్టాల్లో ముందే కొలుచుకొని రావాలి.

ఇక తులం సంగతి. పాత తులం 180 గ్రెయిన్లు (మందు తూచే చిన్న కొలత), అంటే 11.66 గ్రాములు. దాంట్లో మూడో వంతు 60 గ్రెయిన్లు, 3.89 గ్రాములు. ఇప్పుడు బంగారం కొట్లో తులమంటే 10 గ్రాములు అనేస్తున్నారు. ఆ లెక్కన మూడో వంతు 3.33 గ్రాములే, 51 గ్రెయిన్లు. మాట ఒకటే గానీ తేడా 9 గ్రెయిన్లు. పెద్దోళ్ళు చెప్పింది తప్పు కాదు, వాళ్ళ తులం వేరు. కాబట్టి తులాలు వదిలేసి గ్రాముల్లో మాట్లాడుకుందాం. 1 గ్రాము 15.43 గ్రెయిన్లు.

12 బోరుకి చాలాకాలంగా నడుస్తున్న తేలిక మోతాదు రెండున్నర డ్రాముల మందు, ఒక ఔన్సు ఛర్రా. గ్రాముల్లో మందు 4.43, ఛర్రా 28.35. దీన్ని దాటి పోవాల్సిన పని పంట కాపలాకి లేదు. అదీ లైసెన్సున్న తుపాకుల మేస్త్రీతో గొట్టం, అడుగు మర (గొట్టం వెనక కొన మూసే బిరడా), నిపులు (టోపీ పెట్టే చిన్న ముక్కు) చూపించుకున్నాకే. లోపల గుంటలు పడిన గొట్టానికి ఏ మోతాదైనా ఎక్కువే.

డ్రాము అనే మాట దగ్గర కూడా ఒక తిరకాసు ఉంది. మందు కొలిచే డ్రాము 1.77 గ్రాముల తూకం. హోమియో సీసా మీది "2 డ్రాములు" ద్రవం కొలత, ఏడు మిల్లీలీటర్ల పైచిలుకు. ఆ సీసా నిండా మందు పోసి "రెండు డ్రాములు" అనుకుంటే గొట్టంలోకి ఏడు గ్రాములు పోతుంది. నిండా పొయ్యకపోతే సగం ఖాళీగా ఉండి, బండి మీద కుదుపులకి మందు లోపల ఒరుసుకొని పొడి అవుతుంది. పొడి అయిన మందు వేగంగా మండుతుంది, అదే తూకానికి ఒత్తిడి పెరుగుతుంది. హోమియో సీసా ఈ పనికి పెద్దది.

కావాల్సింది 5 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ గొట్టం, మర మూతది. ల్యాబుల్లో నమూనాలకి వాడేది. ల్యాబు సామాన్లు అమ్మే కొట్లో దొరుకుతుంది, కొత్తవే తీసుకోండి. 4.43 గ్రాముల మందు దాదాపు 4.4 మిల్లీలీటర్ల చోటు పడుతుంది. పైన వేలెడు కూడా ఖాళీ మిగలదు, కుదుపుకి ఆడదు. గొట్టం మూతి బయటి కొలత 15 మిల్లీమీటర్ల లోపు ఉంటే 18.5 మిల్లీమీటర్ల బోరులోకి నేరుగా దూరుతుంది, గరాటు అక్కర్లేదు.

ఇంజక్షన్ సీసా వద్దు, గాజు ఏదీ వద్దు. పగిలితే మందు పోవడం ఒక్కటే కాదు, అంటుకున్నప్పుడు గాజు పెంకులు ఎగురుతాయి. నొక్కుడు మూతలూ వద్దు, మంచె ఎక్కేటప్పుడు తొడకి ఒత్తుకుంటే ఊడతాయి. వెదురు పనికొస్తుంది గానీ రోహిణి కార్తెలో కణుపు దగ్గర సన్నగా చీలుతుంది, ఆ చీలిక కంటికి కనపడదు. సంచి అడుగున నల్లటి పొడి కనపడినప్పుడే తెలుస్తుంది.

---

కనిగిరి గజంకడ్డీ:

పైన చెప్పిన దానికి కొలిచే పద్ధతి చేరుస్తాను.

కొలతకి ఇత్తడి గొట్టం తీసుకోండి. ఇనుము వద్దు. లోపలి వెడల్పు 10 మిల్లీమీటర్లు అయితే లోతు 56 మిల్లీమీటర్లకి 4.4 మిల్లీలీటర్లు వస్తుంది. ఒక్కో మిల్లీమీటరు లోతుకి సుమారు 1.2 గ్రెయిన్లు. అడుగు టంకం వేయించి, 60 మిల్లీమీటర్ల లోతు ఉంచి, తూచి చూసుకుంటూ పైనుంచి కొద్దికొద్దిగా ఆకురాయితో తగ్గించండి. ఒకేసారి 56కి కోయించబాకండి. ఒక్కో డబ్బా మందు బరువు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. ఎక్కువ కోసింది మళ్ళీ అతకదు.

తూచడానికి 0.01 గ్రాము చూపించే చిన్న కాటా చాలు. ఫ్యాన్ ఆపండి, గాలికి అంకె నిలవదు. మందు పోసేటప్పుడు కొలతని బల్ల మీద మూడుసార్లు తట్టి, పైన అట్టముక్కతో గీసెయ్యండి. మూడు అంటే ప్రతిసారీ మూడే. ఒకసారి తట్టకుండా, ఒకసారి పదిసార్లు తడితే అదే కొలతలో తేడా తూకం పడుతుంది. ఇంట్లో కొలవడంలో లాభం ఇదే. మంచె మీద చీకట్లో డబ్బా మూతతో కొలిస్తే ఒకసారి తక్కువ, ఒకసారి గోపురంగా వస్తుంది.

గింజ సైజు చూసుకోండి. ఈ బోరుకి డబ్బా మీద రెండు ఎఫ్‌ల గుర్తు ఉన్నది సరిపోతుంది. దాని గింజ సుమారు 0.6 నుంచి 1.2 మిల్లీమీటర్లు, ఉప్మా రవ్వ మాదిరి. మూడు ఎఫ్‌లది దానికన్నా సన్నం, వేగం ఎక్కువ. 4.43 అనే అంకె రెండు ఎఫ్‌ల మందుకి చెప్పింది. గుర్తు మారితే అంకె మారుతుంది.

అసలు మందు కాని మందు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పల్లెల్లో జరిగేది ఇదే. 12 బోరు తూటా కోసి అందులో పొగరాని మందు తీసి ఈ గొట్టంలో పోస్తే గొట్టం చీలుతుంది. 4.43 గ్రాములు కాదు, అందులో సగం కూడా పొయ్యకూడదు. టపాకాయల మందు ఇంకా చెడ్డది. దాంట్లో క్లోరేటు ఉంటే గజంతో (మందు, బిళ్ళలు లోపలికి నొక్కే కడ్డీ) కూరేటప్పుడే రాపిడికి అంటుకోవచ్చు. ఈ పిచ్చి పనులకి కొలత అనేదే లేదు.

ఇక చప్పుడికి ఒకటి, ఛర్రాకి ఒకటి అని రెండు కొలతలు అడిగారు కదా. వద్దు. అన్ని గొట్టాల్లోనూ ఒకటే మోతాదు ఉంచండి. చీకట్లో ఎర్ర మూత, నీలి మూత అని వెతుక్కునే పని ఉండదు, మారిపోయే పనీ ఉండదు. ఛర్రా మాత్రం వేరే ఆకారం డబ్బీలో పెట్టండి. మందు గొట్టం గుండ్రంగా ఉంటే ఛర్రా డబ్బీ పలకలుగా ఉండాలి, వేలికే తెలిసిపోవాలి. ఛర్రా ముందు పడి మందు తర్వాత పడితే ఆ తుపాకి పేలదు, లోపలిది బయటికి తీసేసరికి తెల్లారుతుంది.

---

పెన్నా ఉప్పుగాలి:

వాన ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు, నేను చెప్తా.

మందులో సురేకారం స్వతహాగా తేమని పెద్దగా పీల్చదు. పీల్చేది బొగ్గు. మామూలు గాలిలో మందు బాగానే ఉంటుంది. గాలిలో తేమ 80 శాతం దాటి, మందు తెరిచి ఉన్నప్పుడే పేచీ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన నెల్లూరు వైపు రాత్రుళ్ళు ఎట్టా ఉంటాయో చెప్పక్కర్లేదు, కావలి నుంచి తడ దాకా అయితే ఉప్పుగాలి కూడా తోడు. బిగించిన గొట్టంలో మందు సీజనంతా ఆగుతుంది. కాగితం పొట్లంలో ఒక రాత్రి, మహా అయితే రెండు.

మూత పనికొస్తుందో లేదో తెలుసుకోవడం తేలిక. ఖాళీ గొట్టంలో పొడి టిష్యూ కాగితం ముక్క పెట్టి, మూత బిగించి, గ్లాసు నీళ్ళలో ఒక గంట ముంచి పెట్టండి. దాని మీద బరువు పెట్టాలి, లేకపోతే తేలుతుంది. తీసి, బయట తుడిచి, అప్పుడు మూత విప్పండి. కాగితం తడిస్తే ఆ గొట్టం అవతల పారెయ్యండి. పదింట్లో ఒకటో రెండో ఫెయిలవుతాయి, మూత మరలో ప్లాస్టిక్ మొలక ఉంటుంది.

సిలికా జెల్ పొట్లం గొట్టాలు పెట్టే పెట్టెలో వెయ్యండి. మందు గొట్టంలో వేయబాకండి, మందుతో పాటు అదీ బోరులోకి పోతుంది.

ఇంకొక సంగతి. ఏసీ గదిలో గానీ ఫ్రిజ్ దగ్గర గానీ చల్లగా ఉన్న డబ్బాని బయటికి తెచ్చి వెంటనే తెరవబాకండి. చల్లటి డబ్బా లోపల ఆవిరి పట్టి నీటి చుక్కలు కడతాయి. గంట ఆగి తెరవండి.

అన్నిటికన్నా పెద్ద తేమ తుపాకి గొట్టంలోనే ఉంటుంది, మందు పెట్టిన ప్లాస్టిక్ గొట్టంలో కాదు. పేలిన తర్వాత మిగిలే మసి గాలిలోని తేమని గుంజుకుంటుంది, తెల్లారేసరికి జిగటగా అవుతుంది. దాని మీద కొలిచిన పొడి మందు పోసినా అడుగు పొర నానుతుంది. "కొలిచి పెట్టిన మందు చెడిపోయింది" అనే వాళ్ళలో సగం మంది గొట్టం తుడవని వాళ్ళే. వానాకాలంలో సాయంత్రం కూరిన తుపాకిని తెల్లారిందాకా నమ్ముకోవద్దు.

---

మెట్టచేను:

మూడు జవాబులకీ దండాలు. ఇంకా మూడు సందేహాలు మిగిలాయి.

ప్లాస్టిక్ గొట్టంలో స్థిర విద్యుత్తు పుట్టి మందు అంటుకుంటుందని ఒకాయన భయపెట్టాడు, నిజమేనా? చీకట్లో మందు పోశానా లేదా అన్న అనుమానం వస్తే ఎట్టా తేల్చుకోవాలి? ఇంతకుముందు బెండుకి కొబ్బరి పీచు వాడేవాళ్ళం, అదే కొనసాగించొచ్చా?

---

ఇత్తడి కాటా:

స్థిర విద్యుత్తు గురించి: అమ్మకానికి వచ్చే మందు గింజకి మామూలుగా గ్రాఫైటు పూత ఉంటుంది, అది విద్యుత్తుని నిలవనివ్వదు. గొట్టంలో పోసి మూత పెట్టేంత పనికి దాని గురించి నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. కష్టం ఇంకోటి. కొత్త ప్లాస్టిక్ గొట్టం లోపలి గోడకి సన్నపొడి అంటుకుంటుంది, బోర్లించినా రాదు. గొట్టాల్ని ముందు నీళ్ళలో కొంచెం సబ్బు వేసి కడిగి, తుడవకుండా నీడలో రెండు రోజులు ఆరబెడితే ఆ అంటుడు తగ్గుతుంది. బాగా ఆరాలి. తొందరపడి ఎండలో పెడితే మూతలు వంకర పోతాయి.

నిజంగా భయపడాల్సింది బీడీకి, లాంతరుకి, పొయ్యికి. కొలిచే చోట ఇవేవీ ఉండకూడదు. కొలిచేది పగలు, వంటిల్లు కాని గదిలో. బల్ల మీద ఒక్క డబ్బా, అదీ మూత పెట్టి. మందు కొద్దిగా చిన్న గిన్నెలోకి తీసుకొని డబ్బా అవతల పెట్టెయ్యాలి. కిందపడిన గింజలు తడిగుడ్డతో తుడిచి నీళ్ళలో పారబొయ్యండి, చీపురుతో ఊడ్చి చెత్తకుండీలో వేస్తే అదెప్పుడో ఎవరో తగలబెడతారు.

---

కనిగిరి గజంకడ్డీ:

పోశానా లేదా అన్న అనుమానానికి మందు రెండు ఉన్నాయి. (ఈ మందు వేరే.)

ఒకటి బెల్టులో. చెక్క దిమ్మకి గానీ తోలు పట్టీకి గానీ వరసగా బొక్కలు పెట్టి, నిండు గొట్టాలు మూత పైకి ఉండేట్టు గుచ్చండి. పోసిన వెంటనే ఖాళీ గొట్టానికి మూత బిగించి అదే బొక్కలో తలకిందులుగా గుచ్చాలి. జేబులో వెయ్యడం, మంచె మీద పెట్టడం చెయ్యబాకండి. అప్పుడు చేత్తో తడిమితే చాలు, ఎన్ని అయిపోయాయో తెలుస్తుంది. ఎడమ నుంచి మొదలుపెట్టి కుడికి పోవడం అలవాటు చేసుకుంటే ఇంకా మేలు.

రెండోది గజం కడ్డీ మీద. దీన్ని అశ్రద్ధ చేస్తారు గానీ తుపాకిని కాపాడేది ఇదే. గొట్టం ఖాళీగా ఉన్నప్పుడు గజం అడుగుదాకా దించి, మూతి అంచు దగ్గర చాకుతో గీత పెట్టండి. అది ఖాళీ గీత. తర్వాత పగలు, వెలుతురులో, సరిగ్గా కూరి మళ్ళీ గజం దించి రెండో గీత పెట్టండి.

మీ లెక్క ఇట్టా వస్తుంది. 18.5 మిల్లీమీటర్ల బోరులో 4.4 మిల్లీలీటర్ల మందు ఎత్తు 16 మిల్లీమీటర్లు. దాని మీద గట్టి అట్టబిళ్ళ 3. ఫెల్టు (అదిమిన ఉన్ని) బిళ్ళ 12. ఛర్రా 16. పైన పల్చటి అట్ట 1. మొత్తం 48, కూరినప్పుడు కొంచెం అణిగి 45 దగ్గరకి వస్తుంది. మూడు వేళ్ళ వెడల్పు అనుకోండి. ఉత్త చప్పుడికి ఛర్రా, పై అట్ట ఉండవు కాబట్టి 31, రెండు వేళ్ళు. దానికి మూడో గీత పెట్టుకోండి.

గజం ఛర్రా గీతకన్నా 16 మిల్లీమీటర్లు పైకి నిలబడితే మందు గానీ ఛర్రా గానీ రెండుసార్లు పడింది. 16 కిందికి పోతే మందో ఛర్రానో పడలేదు. ఎక్కడో మధ్యలో ఆగి, మళ్ళీ నొక్కితే దిగుతుంటే, బిళ్ళ మసికి పట్టుకొని మందుకీ బిళ్ళకీ మధ్య ఖాళీ ఉంది. ఈ మూడోదే గొట్టాన్ని ఉబ్బిస్తుంది, చీలుస్తుంది. మందు మీద బిళ్ళ ఆని కూర్చోవాల్సిందే. నిలబడిన చోట వదిలేసి పేల్చడం అనే మాటే లేదు.

చేతివేళ్ళతో చీకట్లో గీత తెలియాలంటే చాకు గాటు చాలదు. దాని మీద సన్న ఇత్తడి తీగ ఒక చుట్టు చుట్టి టంకం అంటించండి, లేదా చెక్క గజం అయితే చుట్టూ చిన్న గాడి తియ్యండి. గోరు తగిలితే ఆగాలి.

కూరే వరస ఇది: హామర్ (టోపీని కొట్టే సుత్తి) సగం ఎత్తి ఆపిన చోట, నిపులు మీద టోపీ లేకుండా. మసి ఉంటే ఒకసారి తడిగుడ్డ, ఒకసారి పొడిగుడ్డ. ఇంతకుముందు పేల్చి ఉంటే తుడిచాక కూడా నిమిషం ఆగాలి. తుపాకి మూతి మొహానికి దూరంగా, అవతలికి వంచి, మందు గొట్టాన్ని పక్కనుంచి వేళ్ళతో పట్టుకొని బోర్లించాలి. అరచెయ్యి మూతి మీదికి రాకూడదు. రెండుసార్లు తట్టాలి. బిళ్ళలు, గజం, గీత చూసుకోవడం. గజం బయటికి తీసి దాని చోట పెట్టడం. టోపీ అన్నిటికన్నా చివర, తుపాకి మూతి ఖాళీ దిక్కుకి తిప్పుకున్నాక.

టోపీలు మందు బెల్టులో పెట్టబాకండి. వేరే జేబులో, వాటి డబ్బాలోనే, తాళంచెవులూ చిల్లరా లేని జేబులో.

కొబ్బరి పీచు సంగతి: మానెయ్యండి. పేలినప్పుడు అది కాలుతూ ఇరవై అడుగుల అవతల పడుతుంది, పడిన చోట రాజుకుంటూనే ఉంటుంది. ఎండిన వేరుశనగ కట్టె, సజ్జ చొప్ప, వామి, ఇవన్నీ మీ చేలోనే ఉన్నాయి. ఫెల్టు బిళ్ళకి కొవ్వు గానీ తేనెమైనం కలిపిన నూనె గానీ పట్టించి వాడితే మసీ మెత్తగా ఉంటుంది, నిప్పూ పట్టదు. ఉత్త చప్పుడే కదా అని దగ్గరలో మనిషి వైపు గానీ గొడ్డు వైపు గానీ తిప్పొద్దు. ఆ బిళ్ళే గుండు మాదిరి తగులుతుంది.

---

తెల్లకాగితం:

కాగితం పొట్లాన్ని అందరూ కలిసి కొట్టిపారేశారు. పొడి కాలంలో, ఒక్క పూటకి, దానికి సాటి లేదు: ఖాళీ గొట్టాలు మోసుకొచ్చే పని ఉండదు, గలగల ఉండదు.

12 మిల్లీమీటర్ల మందం కర్ర, బటర్ పేపరు. కాగితం 90 మిల్లీమీటర్ల పొడుగు, 85 వెడల్పు. కర్ర చుట్టూ తిప్పితే రెండు చుట్లు వస్తుంది. అంచుకి గంజి రాయండి. ఒక కొన మెలిపెట్టి మడిచి, కర్ర తీసేసి మందు పోస్తే సుమారు 40 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. మిగిలిన 50 మెలిపెట్టి వంచడానికి. మెలి గట్టిగా ఉంటేనే పొడి కారదు.

ఒక్కటే షరతు. కాగితం తుపాకి గొట్టంలోకి పోకూడదు. చించి, మందు పోసి, కాగితం జేబులో వేసుకోవాలి. లోపల కాలిన కాగితం తునకే తర్వాతి మోతాదుకి అగ్గిపుల్ల. 1857లో గొడవ రేగిన ఎన్‌ఫీల్డు తుపాకి పొట్లాన్ని పళ్ళతో కొరికి చించేవాళ్ళు. ఆ పొట్లంలో మందు కూడా రెండున్నర డ్రాములే. గొడవ దాని కాగితానికి పూసిన కొవ్వు గురించి గానీ మందు గురించి కాదు. మీరు పళ్ళతో కొరకనక్కర్లేదు, నోట్లో పడితే ఉప్పగా, చేదుగా ఉండి రోజంతా దాహం.

ఎక్కువ మోతాదులు ఒకే పట్టీకి గుచ్చడం గురించి కూడా ఒక మాట. ఐరోపా సిపాయిలు ఒకప్పుడు చెక్క బుడ్లు డజను దాకా ఛాతీకి అడ్డంగా వేలాడదీసుకునేవాళ్ళు. నడిస్తే చప్పుడు, ఒకదానికి నిప్పంటితే పక్కవన్నీ. పంట కాపలాకి రాత్రికి ఆరు చాలు. మిగతా మందు డబ్బాలోనే, ఇంట్లోనే, తాళం లోపల.

---

లైసెన్సు పుస్తకం:

సాంకేతికం అంతా చెప్పారు, కాగితాల మాట నాలుగు ముక్కల్లో.

1959 ఆయుధాల చట్టం 13వ సెక్షను పంట కాపలా కోసం మూతి నుంచి కూరే తుపాకి అని ప్రత్యేకంగానే చెప్తుంది. ఆ లైసెన్సు పంట కాపలాకే, వేటకి కాదు. జంతువుని కొట్టడం 1972 వన్యప్రాణి చట్టం కిందికి పోతుంది, దానికి అటవీ శాఖ అనుమతి వేరే. చప్పుడుతో తరమడం దగ్గరే ఆగండి.

మీ పుస్తకంలో మందు, టోపీలు ఎంత అని రాసుంటే అంతే ఉండాలి. గొట్టాల్లో కొలిచి పెట్టిందీ ఆ లెక్కలోదే. ఆరు గొట్టాలంటే 26.6 గ్రాములు. కొన్న బిల్లు డబ్బాతోనే ఉంచండి. మందు ఇంట్లో నూరడం 1884 పేలుడు పదార్థాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా నేరం. అది పక్కన పెట్టినా, నాటు మందు ప్రతి గింజా ఒక్క తీరున ఉండదు, పైన చెప్పిన మిల్లీమీటర్ల లెక్కలన్నీ దానికి దండగ.

ఎన్నికలప్పుడు తుపాకి స్టేషన్లో పెట్టమంటే మందు గొట్టాలు మంచె మీదే మర్చిపోవడం మామూలుగా జరిగే తప్పు. తుపాకి ఇచ్చేటప్పుడు గొట్టాల్లో మందు డబ్బాలోకి ఒంపేసి మూత పెట్టండి.

---

మెట్టచేను:

5 మిల్లీలీటర్ల మర మూత గొట్టాలు 10 తెచ్చాను. నీళ్ళ పరీక్షలో ఒకటి పోయింది, తొమ్మిది నిలిచాయి. ఇత్తడి కొలత 57 మిల్లీమీటర్ల దగ్గర 4.43 గ్రాములకి కుదిరింది. తొమ్మిదిలో పోసి, మళ్ళీ ఒంపి తూస్తే ఎనిమిది 4.40 నుంచి 4.45 మధ్య ఉన్నాయి. ఒక్కటి మాత్రం 4.21 వచ్చింది. కొలత తప్పా, కాటా తప్పా?

---

ఇత్తడి కాటా:

రెండూ కాదు, గొట్టం ఆరలేదు. ఆ గొట్టం అడుగున వెలుతురుకి పెట్టి చూడండి, మందు గింజలు గోడకి అతుక్కొని బూడిద రంగు ఉంగరం మాదిరి కనపడుతుంది. కడిగిన నీళ్ళు అడుగు గుండ్రం దగ్గర ఒక చుక్క మిగిలుంటాయి. ఆ మందు మళ్ళీ డబ్బాలో కలపబాకండి, నీళ్ళలో పొయ్యండి. గొట్టం కడిగి, దూదిపుల్లతో అడుగు తుడిచి, మూత లేకుండా బోర్లించి ఇంకో రెండు రోజులు పెట్టండి. మిగతా ఎనిమిదీ వాడుకోవచ్చు.

---

పెన్నా ఉప్పుగాలి:

ఎనిమిదింటి మూతల మీద కొలిచిన తేదీ గీసిన ప్లాస్టరు ముక్క అంటించండి. సీజను చివర వాడకుండా మిగిలినవి ఒకటి విప్పి తెల్లకాగితం మీద పోసి చూడండి. గింజ గింజగా జారితే సరే. గడ్డలు కట్టినా, కాగితం మీద నల్లటి దుమ్ము గీత మిగిలినా, ఆ తేదీవి అన్నీ నీళ్ళ బకెట్లోకే.

---

మెట్టచేను:

బూడిద ఉంగరం ఉంది. కడిగి బోర్లించాను.